గోడకు తగ్గ గుమ్మం



మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో సొంత ఇల్లు కట్టుకునేవాళ్ళు బేస్‌మెంటు పూర్తయ్యాక మంచి రోజు చూసి ద్వారబంధం నిలబెడతారు. తెలంగాణలో దర్వాజ ఎత్తడం అంటారు. గడప కింద నవధాన్యాలు వేస్తారు. కమ్మీలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, వడ్రంగికి కొత్త బట్టలు పెడతారు. ఈ సంబరమంతా అయ్యాకే తాపీమేస్త్రీ పని మొదలు. నిలబెట్టిన గుమ్మాన్ని ఆనవాలుగా పట్టుకుని అటూ ఇటూ ఇటుక పేర్చుకుంటూ పోతాడు. నిలువు కమ్మీలకు ఉన్న ఇనప హోల్డ్‌ఫాస్టులను గోడలో కాంక్రీటుతో పూడ్చేస్తాడు. ఇటుక కాస్త పొట్టిదైనా పొడుగుదైనా మధ్యలో సిమెంటు మాలు ఆ తేడాను మింగేస్తుంది. గుమ్మం ముందు, గోడ వెనక. కాబట్టి గోడే గుమ్మానికి సర్దుకుంటుంది.

అపార్టుమెంట్లలో ఈ వరస తిరగబడింది. గోడలు ముందు లేస్తాయి, పూత పడుతుంది, టైల్స్ పరుస్తారు, రంగు కూడా ఒక చేయి వేసేస్తారు. తలుపులు ఫ్యాక్టరీలో తయారై, పాలిషుతో సహా అట్టపెట్టెల్లో ఆఖరున దిగుతాయి. ఇందులో లాభం లేకపోలేదు. పాత పద్ధతిలో గుమ్మం నిలబెట్టిన రోజు నుంచి గృహప్రవేశం దాకా నెలల తరబడి ఎండా, వానా, క్యూరింగు నీళ్ళూ ఆ కొయ్య మీదే పడతాయి. పరంజా కర్ర దానికే ఆనిస్తారు, సిమెంటు తట్ట దాని అంచుకే తగులుతుంది. టేకు కాబట్టి తట్టుకుంటుంది. కొయ్య పీచును అదిమి చేసే ఎండీఎఫ్ పలక మీద పల్చటి పొర అతికించి తయారుచేసే ఇప్పటి ఫ్రేము ఆ బాధలో వారం కూడా నిలవదు. అందుకని దాన్ని ఆఖరునే తేవాలి. అప్పటికి గోడ గట్టిపడి కూర్చుని ఉంటుంది. ఇక సర్దుకోవాల్సింది గుమ్మమే. అలా సర్దుకునేలా చేసిన దాన్ని బజార్లో టెలిస్కోపిక్ ఫ్రేమనీ, అడ్జస్టబుల్ ఫ్రేమనీ అమ్ముతున్నారు. ఈ పూట నేను చెప్పబోయేది దాని గురించే.

గోడలో తలుపు కోసం వదిలిన ఖాళీని మేస్త్రీలు ఓపెనింగ్ అనే అంటారు. ఆ ఓపెనింగ్ వెడల్పూ ఎత్తూ చోటు చోటుకూ మారతాయని అందరికీ తెలుసు. తలుపును ఎక్కువగా ఏడిపించేది మాత్రం గోడ మందం. నాలుగున్నర అంగుళాల గోడనే తీసుకోండి. ఇటుక సుమారు 115 మిల్లీమీటర్లు. రెండు వైపులా 12 మిల్లీమీటర్ల చొప్పున పూత వేస్తే మొత్తం 139 రావాలి. రాదు. బట్టీని బట్టి ఇటుక కొలత మారుతుంది. మేస్త్రీ తాడు కట్టుకుని ఒక ముఖాన్ని చదునుగా తెస్తాడు. ఇటుకల హెచ్చుతగ్గులన్నీ రెండో ముఖాన బయటపడతాయి. అందుకే ఆ గరుకు వైపు పూత 15 మిల్లీమీటర్లు వేయాలని ఇంజనీర్లు ముందే అంచనాలో రాస్తారు. గుంట ఉన్నచోట అది ఇంకా దళసరి అవుతుంది. ఒకే గుమ్మం దగ్గర కింద 138, నడుమ 142, పైన 147 తేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. బాత్రూం గోడకైతే ఒక పక్కన టైలూ, దాని కింద మాలూ కలిసి మరో 20, 25 మిల్లీమీటర్లు చేరతాయి. అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసే మైవాన్ పద్ధతి గోడలు చాలా నయం. అక్కడ కూడా టైలు వేసిన పక్క టైలు వేసిన పక్కే.

ఈ మందం తేడాను మింగడానికి చేసిన ఏర్పాటు చూడటానికి చాలా సులువు. ఫ్రేము మూడు భాగాలు. గోడ మందాన్ని కప్పే వెడల్పాటి పలక ఒకటి. దానికి ఒక అంచున స్థిరంగా బిగించిన పట్టీ ఒకటి. తలుపు వాలేది ఈ పక్కకే. రెండో అంచున పలకలో లోతైన గాడి తీసి ఉంటుంది. అవతలి గదిలో కనిపించే పట్టీని ఎల్ ఆకారంలో చేస్తారు. దాని రెక్క ఆ గాడిలో దూరుతుంది. అగ్గిపెట్టెలో లోపలి అర జరిగినట్టు రెక్క గాడిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. గోడ దళసరిగా ఉన్నచోట రెక్క కొంచెం బయటికి వస్తుంది, పల్చగా ఉన్నచోట లోపలికి పోతుంది. రెక్క 30 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. కనీసం 10 మిల్లీమీటర్లు గాడిలోనే ఉండాలి, లేకపోతే పట్టీకి పట్టు దొరకదు. మిగిలిన 20 మిల్లీమీటర్లే మన చేతిలో ఉన్న సర్దుబాటు. పై లెక్కలో 138 నుంచి 147 దాకా ఉన్న గోడకు 132 నుంచి 152 దాకా సర్దుకునే ఫ్రేము ఆర్డరిస్తే రెండు పక్కలా కాస్త వెసులుబాటు ఉంటుంది. పట్టీ కింద ఒకలా, పైన ఒకలా జరగగలదు కాబట్టి గోడ ఏటవాలుగా ఉన్నా అంచు గోడకు ఆనే ఉంటుంది.

ఈ పద్ధతి జర్మనీలో బాగా స్థిరపడింది. అక్కడ ఇటుక పొడవు 24 సెంటీమీటర్లు, మధ్యలో సిమెంటు సందు ఒక సెంటీమీటరు, మొత్తం పాతిక. దానిలో సగం, 125 మిల్లీమీటర్లు, వాళ్ళ ఇంటి కొలతలన్నిటికీ మూలం. తలుపు ఓపెనింగులు ఆ లెక్కలోనే నడుస్తాయి. 860 మిల్లీమీటర్ల వెడల్పు, 1985 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న తలుపు అక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, ఆ కొలతకు కట్టిన ఏ ఇంట్లోనైనా పడుతుంది. మారేది గోడ మందం ఒక్కటే. ఆ ఒక్కదాన్ని జరిగే పట్టీకి అప్పగించారు. అమెరికాలో ఇళ్ళ లోపలి గోడలు కర్ర నిలువులకు రెండు పక్కలా జిప్సం బోర్డు కొట్టి చేసినవి. మూడున్నర అంగుళాల కర్ర, అటు అర అంగుళం, ఇటు అర అంగుళం, మొత్తం నాలుగున్నర. వాళ్ళు ఫ్రేమునే నిలువునా రెండుగా చీల్చారు. తలుపు బిగించి ఉన్న సగాన్ని ఒక గదిలోంచి తోస్తారు, మిగతా సగాన్ని పక్క గదిలోంచి తోసి దాని గాడిలో కూర్చోబెడతారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మీ పిల్లల ఇంట్లో పడగ్గది ఫ్రేము లోపలి పక్కన, మధ్యలో నిలువునా సన్నని అతుకు కనిపిస్తే అది ఇదే కావచ్చు.

మనకూ కొలతల ప్రమాణాలు లేక కాదు. కొయ్య ద్వారబంధాలకు ఐఎస్ 4021 ఉంది. పది సెంటీమీటర్ల లెక్కన ఓపెనింగులు ఎలా ఉండాలో అందులో రాసి ఉంది. సైటులో నడిచేది మాత్రం అడుగుల భాష. పడగ్గదికి మూడు ఏడు, బాత్రూంకు రెండున్నర ఏడు అంటాం. ఆ మూడడుగులు తలుపు రెక్కదా, ఫ్రేము బయటి కొలతా, గోడలో ఖాళీయా అని అడిగితే మేస్త్రీ ఒకటి చెబుతాడు, వడ్రంగి ఒకటి చెబుతాడు. సగం తగాదాలు ఇక్కడే పుడతాయి. తలుపు కూర్చోకపోతే వడ్రంగి గోడను అంటాడు, మేస్త్రీ ఫ్రేమును అంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇద్దరికీ చాలదు.

అందుకే రూపకల్పన తలుపు రెక్క నుంచి మొదలుపెట్టి బయటికి లెక్కించాలి. రెక్క 900 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు పక్కలా 3 మిల్లీమీటర్ల సందు. ఫ్రేము కమ్మి 30 మిల్లీమీటర్ల చొప్పున రెండు. ఇప్పటికి 966. ఫ్రేముకూ గోడకూ మధ్య ఒక్కో పక్క 10 మిల్లీమీటర్లు ఖాళీ వదిలితే 986. గోడలో కావలసిన ఓపెనింగ్ అదీ. సైటులో కొలిస్తే పైన 980, కింద 992 వచ్చిందనుకోండి. పైన ఒక్కో పక్క 7 మిల్లీమీటర్లు, కింద 13. ఏ ఇబ్బందీ లేదు. ఫ్రేము నిటారుగా నిలబడుతుంది, గోడ వంకర ఆ ఖాళీలో ఇమిడిపోతుంది, పట్టీ దాన్ని కప్పేస్తుంది.

పట్టీ ఎంతవరకు కప్పగలదో కూడా ముందే చూసుకోవాలి. 60 మిల్లీమీటర్ల పట్టీలో దాదాపు 25 ఫ్రేము కమ్మి మీదే పోతుంది. మిగిలింది 35. ఖాళీ 10 ఉంటే గోడ మీద 25 మిల్లీమీటర్లు వాలుతుంది. ఖాళీ 25 అయితే గోడకు అందేది సెంటీమీటరే. అంతకు మించితే పట్టీ చివర పూత పెచ్చులు, ఖాళీలో నింపిన ఫోమ్ నురగ కనిపిస్తాయి. అలాంటిచోట వెడల్పు పట్టీ ఆర్డరివ్వడమో, ముందుగా గోడ అంచును మాలుతో కట్టుకురావడమో చేయాలి. ఓపెనింగ్ చిన్నదైపోతే కష్టం ఇంకా ఎక్కువ. ఇటుక గోడను చెక్కవచ్చు. కాంక్రీటు గోడను చెక్కితే లోపలి ఊచలు బయటపడతాయి. ఇంజనీరును అడగకుండా దాని మీద ఉలి పెట్టనివ్వకండి. నన్నడిగితే ఓపెనింగ్ పది మిల్లీమీటర్లు పెద్దగా ఉంచమనే చెబుతాను.

కొలతలు తీసుకునే తీరులో పెద్ద రహస్యం ఏమీ లేదు, ఓపిక కావాలి. వెడల్పు కింద, నడుమ, పైన. ఎత్తు రెండు పక్కలా. గోడ మందం రెండు పక్కలా మూడేసి చోట్ల, పైన ఒకచోట. వెడల్పులో, ఎత్తులో అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెను లెక్కలోకి తీసుకోవాలి. మందంలో మాత్రం అతి తక్కువా, అతి ఎక్కువా రెండూ రాయాలి. పూత పూర్తికాకముందు కొలవద్దు. టైల్స్ పరవకముందు ఎత్తు కొలవాల్సివస్తే మాలుతో సహా నేల ఎంత లేస్తుందో మేస్త్రీని అడిగి, ఆ మట్టాన్ని గోడ మీద గీత గీయించి, అక్కడి నుంచి కొలవండి.

ఇప్పుడు బిగింపు. ఫ్రేమును దుప్పటి పరిచిన నేల మీద మూడు కమ్మీలూ కలిపి బిగించి, మూలమట్టం పెట్టి చూసి, ఆపైన ఓపెనింగ్‌లో నిలబెట్టాలి. ముందు చూడాల్సింది బందులు వచ్చే కమ్మిని. బరువంతా దాని మీదే. దానికి రెండు ముఖాలా స్పిరిట్ లెవెల్ ఆనించి నిటారు చేయాలి. బందులు వచ్చే చోటల్లా వెనకాల రెండేసి చెక్క చీలికలు ఎదురెదురుగా దోపాలి. ఒకటే దోపితే కమ్మి ఒక పక్కకు ఒరుగుతుంది. రెండు ఎదురెదురుగా జరిపితే మిల్లీమీటరు మిల్లీమీటరుగా ముందుకు తేవచ్చు. తరువాత పై కమ్మి మట్టం. ఆ తరువాత తాళం పక్క కమ్మి.

ఇక్కడ గడప సంగతి చెప్పాలి. పాత ద్వారబంధానికి నాలుగు పక్కలూ కొయ్యే. కింది గడప రెండు నిలువు కమ్మీల పాదాలనూ పట్టి ఉంచుతుంది, అవి దగ్గరకు రావు, దూరం పోవు. మనం పసుపు రాసి మొక్కే గడప ఈ పని కూడా చేస్తోందన్నమాట. కొత్త ఫ్రేముకు గడప లేదు, మూడు పక్కలే. పాదాలు వదులుగా ఉంటాయి. కాబట్టి పైకమ్మి దగ్గర లోపలి వెడల్పు ఎంత ఉందో సరిగ్గా అంత పొడవున మూడు బద్దలు కోసి, కింద, నడుమ, పైన అడ్డంగా బిగించి ఉంచాలి. ఈ బద్దలు పెట్టకుండా నురగ కొట్టే పనివాణ్ణి అక్కడికక్కడే ఆపండి.

నురగ అంటే పాలీయురెథేన్ ఫోమ్. డబ్బాలోంచి సన్నగా వస్తుంది, గాలిలో తేమ తగిలి ఉబ్బి గట్టిపడుతుంది. ఉబ్బేటప్పుడు దాని బలం తక్కువేమీ కాదు, కమ్మిని లోపలికి విల్లులా వంచేస్తుంది. బద్దలు అడ్డుపెట్టేది అందుకే. ఖాళీ మొత్తం నింపకూడదు, సగం నింపితే అదే ఉబ్బి మిగతా సగం కప్పుకుంటుంది. బందుల వెనక, తాళం వెనక తప్పనిసరిగా పడాలి. మన వేసవిలో గోడ ఎండి నిప్పులా ఉంటుంది. తేమ చాలక నురగ లోపల మెత్తగా ఉండిపోతుంది. కొట్టే ముందు గోడ అంచు మీద కాస్త నీళ్ళు చిలకరించాలి. ఒక రాత్రి వదిలేసి మర్నాడు పైకి వచ్చినదాన్ని కత్తితో కోసేయాలి. నురగ ఎంత గట్టిదైనా బరువు తలుపును దాని ఒక్కదాని మీదే వేలాడదీయొద్దు. బందుల దగ్గర ఫ్రేములోంచి గోడలోకి పొడవాటి స్క్రూలు దిగాలి. మెడ దగ్గర కూడా మర ఉండే ప్రత్యేకమైన స్క్రూలు ఇప్పుడు దొరుకుతున్నాయి. తిప్పితే ఫ్రేము గోడకు దగ్గరగానో దూరంగానో జరుగుతుంది. అవి వాడితే చీలికలతో అంత కుస్తీ ఉండదు.

నిటారు, మట్టం రెండూ సరిపోయినా తలుపు మూసినప్పుడు పైన ఆని, కింద వేలెడు సందు మిగలడం చూసే ఉంటారు. రెండు నిలువు కమ్మీలు ఒకే తలంలో లేకపోతే వచ్చే తిప్పలు అవి. దీన్ని పట్టుకోవడానికి రెండు దారాలు చాలు. ఫ్రేము ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు ఒకటి, కుడి పైమూల నుంచి ఎడమ కిందిమూలకు ఒకటి బిగించి కట్టాలి. మధ్యలో రెండూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. సందు కనిపిస్తే ఫ్రేము మెలితిరిగినట్టే. తాకినా అక్కడితో ఆగకూడదు. ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నా బయటికి తాకినట్టే కనిపిస్తుంది. అందుకని పైదారాన్ని కిందికీ, కిందిదాన్ని పైకీ మార్చి కట్టి మళ్ళీ చూడాలి. రెండుసార్లూ తాకీ తాకనట్టు ఉంటేనే సరి. నురగ కొట్టకముందే ఈ పరీక్ష చేయించండి. తరువాత కనిపెట్టినా చేయగలిగింది తక్కువ.

అవతలి పక్క పట్టీని ఆఖరున గాడిలో దూర్చి గోడకు ఆనేదాకా నొక్కుతారు. గోడలో చిన్న చిన్న గుంటలుంటే పట్టీకీ గోడకూ మధ్య వెంట్రుకవాసి సందు కనిపిస్తుంది. దాన్ని నింపడానికి రంగు పట్టే యాక్రిలిక్ సీలెంటు వాడాలి. సిలికాన్ కొడితే దాని మీద రంగు నిలవదు, పెయింటరు వచ్చి తల పట్టుకుంటాడు.

ఈ ఫ్రేములు పుట్టిన దేశాల్లో నేలను తడిగుడ్డతో తుడుస్తారు. మనం పండగొస్తే బకెట్లకొద్దీ నీళ్ళు గుమ్మరించి చీపురుతో తోస్తాం. ఎండీఎఫ్ కమ్మి పాదం టైలు మీద నేరుగా ఆనితే ఆ నీళ్ళన్నీ పీల్చుకుని రెండు మూడు పండగలకే ఉబ్బి పొర ఊడిపోతుంది. కమ్మిని కింద కోసినప్పుడు ఆ కోసిన ముఖానికి సీలరు పట్టించి, టైలుకు రెండు మూడు మిల్లీమీటర్లు పైకి నిలిపి, ఆ సందును సీలెంటుతో మూయాలి. కంపెనీవాళ్ళ కాగితంలో ఇది ఉన్నా లేకపోయినా మీరు చేయించండి. బాత్రూంకు ఎండీఎఫ్ అసలు వద్దు. కొయ్యపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూపీసీ ఫ్రేముకు చెదలు పట్టవు, నీళ్ళకు ఉబ్బదు. అయితే తేలికరకం పలకలో స్క్రూ పట్టు తక్కువ. తలుపు బరువైతే బందులు ఊగుతాయి. బాత్రూంకు మనవాళ్ళు వాడే గ్రానైటు ఫ్రేముతో నాకు పేచీ లేదు. అది సర్దుకోదు, కానీ నీళ్ళకు చెడదు.

వీధి గుమ్మం మాట వేరే. దానికి బరువైన తలుపు ఉంటుంది, దొంగభయం ఉంటుంది, ఎండా వానా నేరుగా తగులుతాయి, గడప ఉండాలన్న మనసూ ఉంటుంది. అక్కడ నురగతో నిలబడే ఫ్రేము పెట్టమని నేను చెప్పను. చేవ ఉన్న టేకు కమ్మీలు, నాలుగు పక్కలా బంధం, గోడలో హోల్డ్‌ఫాస్టులు, పాత పద్ధతే మేలు. మెట్ల దారి దగ్గర, లిఫ్టు దగ్గర పెట్టే అగ్నినిరోధక తలుపులైతే ఫ్రేముతో సహా పరీక్షకు నిలిచినవే పెట్టాలి. వాటిలో సొంత సర్దుబాట్లు కూడదు. లోపలి గదులకు మాత్రం, పెళ్ళి చేసుకున్నంత గట్టిగా గోడతో కలిసిపోయే గుమ్మం కంటే, విడదీసి మార్చుకోవడానికి వీలైన ఈ సర్దుబాటు ఫ్రేమే మంచిదని నా తీర్పు. ముందు కొలతలు సరిగా తీసుకోవడమొక్కటే షరతు.

చివరిగా ఇల్లు కట్టిస్తున్నవాళ్ళకు ఒక మాట. పని పూర్తయిందని చెప్పిన రోజున తలుపును సగం తెరిచి చేయి వదిలేయండి. తనంతట తాను తెరుచుకున్నా, మూసుకున్నా బందుల పక్క కమ్మి ఒరిగి ఉందని అర్థం. వదిలినచోటే నిలిచిందా, మూసినప్పుడు పైనా కిందా ఒకేలా ఆనిందా చూసుకుని, ఆ తరువాతే మిగతా డబ్బు లెక్కపెట్టి ఇవ్వండి.